ప్రవాహ మెరిగిన గోడలు

చిత్తూరు నుండి ఉత్తరముగా వచ్చు రహదారి పూతలపట్టు చేరి రెండు పాయలుగా చీలును. ఒక పాయ పీలేరు మీదుగా కడప దిక్కునకు సాగును. మరియొకటి తిరుపతికి మళ్ళును. ఈ చీలిక యొద్ద కొంతసేపు నిలుచుండి చూచినవారికి ఒక చిన్న సంగతి తోచకపోదు. నడిబాటను లారీలును బస్సులును తిన్నగా పోవుచుండును. అచట ఒక గడ్డిపోచయైనను నిలువదు. పాయలు విడివడు చోట, బాట అంచున, బండ్లు వేగము తగ్గించును. కొన్ని ఆగును, కొన్ని వెనుకకు మళ్ళును. దుమ్ము, చిత్తుకాగితములు, చెరకు పిప్పి, మామిడి టెంకలు అన్నియు ఆ మూలనే చేరును.

మన మెడలో ఇరుప్రక్కల ఇట్టి చీలికలు రెండు కలవు. తలకు రక్తమును గొనిపోవు పెద్ద ధమని దవడకు క్రిందుగా రెండు పాయలై, ఒకటి మెదడునకును, ఒకటి ముఖమునకును పోవును. ధమనులలో క్రొవ్వు పేరుకొను వ్యాధి మెడను పట్టినప్పుడు తరచుగా ఈ చీలిక యొద్దనే పట్టును. అందును వెలుపలి గోడను పట్టును, రక్తధార సూటిగా తాకు నడిమి కొనను అంతగా పట్టదు. అచట పేరినది పగిలి, దానిపై గట్టిన రక్తపు గడ్డ తునక మెదడునకు కొట్టుకొనిపోయినచో పక్షవాతము వచ్చును. మనిషి ఒక్కడే, రక్తము ఒక్కటే, అందలి క్రొవ్వు ఒక్కటే. ఒక అంగుళము దూరములో ఒక గోడ నున్నగా నుండుటకును, ఒక గోడ చెడుటకును కారణమేమి?

ఈ ప్రశ్నకు నేను పాఠశాలలో పెక్కేండ్లు చెప్పిన సమాధానము మిక్కిలి సులభము. రక్తనాళము కాలువ వంటిది. నీరు మందగించు చోట ఒండ్రు పట్టినట్లు రక్తము మందగించు చోట క్రొవ్వు పట్టును అని, నల్లబల్లపై ఒక వంకర కాలువను గీచి చూపువాడను. చెరువు క్రింద సేద్యము చేయు ఇండ్ల పిల్లలు గనుక వెంటనే గ్రహించువారు. ఆ పోలిక సగమే నిజమనియు, తక్కిన సగము తప్పనియు నాకు తెలిసినది మా గణితపు అయ్యవారి ఎడమచేతిని చూచిన తరువాత.

ఆయన పదవీ విరమణ చేసి చాల కాలమైనది. నేను ఆయన యొద్ద చదువుకొన్నవాడను. నేటికిని అయ్యవారూ అనియే పిలుతును. చక్కెర వ్యాధి ఆయన మూత్రపిండములను మెల్లమెల్లగా చెరిచినది. రక్తమును యంత్రములో వడపోయించుకొనక తప్పదని వైద్యులు చెప్పిరి. ఒకనాడు చూడబోయితిని. ఆయన ఎడమచేతి మణికట్టు యొద్ద రెండంగుళముల మచ్చ ఒకటి, మోచేతి మడతలో మరియొక మచ్చ ఒకటి కనబడినవి. మోచేతికి పైగా చర్మము క్రింద ఒక సిర నా చిటికెన వ్రేలి లావున మెలికలు తిరిగి లేచియున్నది.

"ఇట్ల చెయ్యి పెట్టి చూడప్పా. లోపల మిషను తిరగతా ఉంది" అనిరి.

అరచేయి ఆనించితిని. తేనెపట్టు కట్టిన కొమ్మను పట్టుకొన్నట్లు జలజలమని అదురుచున్నది. నాడి కొట్టుకొనుట ఎరుగుదును గాని, ఇట్లు విరామము లేక మ్రోగు సిరను అంతవరకు నేను ముట్టియుండలేదు.

దీనిని ఆస్పత్రులలో ఫిస్టులా అందురు. డయాలిసిస్ యంత్రమునకు నిమిషమునకు సుమారు 300 మిల్లీలీటర్ల రక్తము కావలెను. అదియు నాలుగేసి గంటలసేపు, వారమునకు రెండు మూడు మార్లు. చేతి సిరలు చర్మము క్రిందనే యుండి సూదికి అందును గాని, వానిలో రక్తము మందముగా పారును, గోడలు పలుచన. ధమనులలో ధార బలముగా నుండును గాని, అవి లోతున నుండును, మాటిమాటికి పొడుచుటకు తగవు. 1960లో అమెరికాలోని బెల్డింగ్ స్క్రిబ్నర్ చేతికి వెలుపల ఒక టెఫ్లాన్ గొట్టమును అమర్చి ఈ చిక్కును కొంత తీర్చెను. గొట్టము పైనుండుటచే చీము పట్టెడిది, గడ్డ కట్టెడిది. న్యూయార్కు నగరమున బ్రోంక్స్‌లోని మాజీ సైనికుల ఆస్పత్రిలో బ్రెసియా, చిమీనో, ఆపెల్ మొదలగు వైద్యులు ఇంతకంటె సాహసమైన ఉపాయమును తలపోసి 1966లో ప్రకటించిరి. మణికట్టు యొద్ద ధమనికిని సిరకును ప్రక్కప్రక్కన చిన్న కోతలు పెట్టి రెంటిని కలిపి కుట్టుట, అంతే. ఏ గొట్టము గాని, ఏ పరికరము గాని లోన పెట్టరు. తక్కిన పని శరీరమే చేసికొనవలెను.

చేసికొనును. అదియే ఇందలి వింత. విశ్రాంతిగా నున్న మనిషి మణికట్టు ధమనిలో నిమిషమునకు 20, 30 మిల్లీలీటర్ల రక్తము మాత్రమే పారును. కుట్టు విప్పారిన నాడే అది పదింతలగును. ఆ వరద తాకిడికి సన్నని సిర చీలిపోవునని మనము తలచుట సహజము. కాని వారములు గడచుకొలది సిర వెడల్పగును, దాని గోడ దిట్టమగును. వైద్యులు దీనికి ఆరుల లెక్క యొకటి చెప్పుకొందురు: ఆరు వారములకు, నిమిషమునకు 600 మిల్లీలీటర్ల ధారతో, 6 మిల్లీమీటర్ల వెడల్పుతో, చర్మమునకు 6 మిల్లీమీటర్ల లోతులోపల సిర సిద్ధమైనచో సూదికి తగినదని. దానికి రక్తము నిచ్చు ధమని సైతము క్రమముగా విప్పారును. రెంటిలో ఏదియు ఉబ్బిన బుడగ వలె సాగిపోవుట కాదు. కొత్త కొలతలకు తన్ను తాను తిరిగి కట్టుకొనుట. ఆ కొలతలు నాళమునకు ఎవరిచ్చిరి?

కాలువ గట్టుపై నీరు రెండు విధముల పనిచేయును. ఒకటి, గట్టును వెలుపలికి త్రోయును, ఇది పీడనము. రెండవది, పారుచు గట్టును తనతో ఈడ్చుకొనిపోజూచును, ఇది ఒరపిడి. రక్తనాళములలో ఈ రెంటికిని గల తారతమ్యము తెలిసినపుడు నేను లెక్కను రెండవమారు సరిచూచుకొంటిని. 120 మిల్లీమీటర్ల రక్తపోటు అనగా 12 సెంటీమీటర్ల పాదరసపు స్తంభము. పాదరసము సాంద్రత 13.6, కావున గోడలో ప్రతి చదరపు సెంటీమీటరు మీద ఇంచుమించు 160 గ్రాముల బరువు పడుచున్నది. ఒరపిడి మాటయో, అదే చదరపు సెంటీమీటరు మీద ధమనులలో సగటున 10 నుండి 20 మిల్లీగ్రాముల బరువు మాత్రమే. ఒక బియ్యపు గింజ తూగునంత. ఒకదాని కొకటి పదివేల వంతుల తేడా. అయినను సిరను వెడల్పు చేయుమని, ధమనిని సన్నగిల్లుమని ఆదేశించునది ముఖ్యముగా ఆ బియ్యపు గింజ బరువే. పీడనము గోడ మందమును నిర్ణయించుటలో తన పాత్ర తాను వహించును గాని, బొర్ర ఎంత వెడల్పుండవలెనో తేల్చుటలో ఈ స్వల్ప బలమునకే పెద్దరికము.

ఈ ఒరపిడిని పసిగట్టునది రక్తనాళమునకు లోపలివైపున పరచియున్న ఒకేయొక వరుస కణముల పొర. 1865లో స్విట్జర్లాండు దేశీయుడగు విల్హెల్మ్ హిస్ దీనికి ఎండోథీలియము అని పేరు పెట్టెను. గుండె లోపలి గోడ మొదలు మిక్కిలి సన్నని కేశనాళిక వరకు రక్తము తాకు ప్రతి చోటను ఈ పొర కలదు. కేశనాళికలలో నాళమనగా దాదాపు ఈ పొరయే. దీని పలుచదనమును చూచి పూర్వులు దీనిని పూతగానే యెంచిరి. ఇత్తడి గిన్నెకు కళాయి ఎట్లో రక్తనాళమునకు ఈ పొర అట్లని తలచిరి. కళాయికి తెలివి యుండునని ఎవరనుకొందురు?

అనుమానించిన వారు లేకపోలేదు. 1893లో రిచర్డ్ థోమా అను జర్మను శాస్త్రజ్ఞుడు కోడిగ్రుడ్డులో పెరుగు పిండమున రక్తనాళములు ఏర్పడు తీరును చూచి, ధార వడిగానున్న నాళములు పెరుగుటయు, ధార మందగించినవి సన్నగిల్లి మాయమగుటయు గమనించెను. పిండమున మొదట నాళములన్నియు వలవలె నుండును. వానిలో ఏది పెద్దకాలువ కావలెనో, ఏది పూడిపోవలెనో ప్రవాహమే నిర్ణయించుచున్నదని ఆయన గ్రహించెను. కాని గోడలో ఎవరు ఆ మాటను వినుచున్నారో ఆనాటికి తెలియలేదు.

అది తెలియుటకు ఒక పొరపాటు తోడ్పడినది. న్యూయార్కులో రాబర్ట్ ఫర్చ్‌గాట్ అను ఆచార్యుడు కుందేలు బృహద్ధమని ముక్కలతో చిరకాలము ప్రయోగములు చేయుచుండెను. ఎసిటైల్‌కోలిన్ అను పదార్థము బ్రతికియున్న జంతువు రక్తనాళములను విప్పును. ఆయన ప్రయోగశాలలోని ముక్కలను మాత్రము ముడిచెడిది. 1978లో ఒకనాడు సహాయకుడు చెప్పిన క్రమమును తప్పి మరియొక విధముగా ప్రయోగము జరుపగా ముక్కలు విప్పారినవి! కారణము వెదకగా తేలినదేమనగా, ఇంతకాలమును ముక్కలను కోయునప్పుడు తెలియకయే లోపలి పొరను రుద్దివేయుచుండిరి. పొర చెడనిచోట నాళము విప్పారెను; పొర పోయినచోట ముడుచుకొనెను. 1980లో ఫర్చ్‌గాట్, జవాడ్జ్కీ ఈ సంగతిని ప్రచురించిరి. ఆ పొర క్రింది కండరమునకు పంపు సందేశము నైట్రిక్ ఆక్సైడ్ అను వాయువని కొన్ని ఏండ్లకు తేలినది. ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అను మువ్వురకు 1998లో నోబెల్ బహుమానము లభించినది. ప్రయోగము చెడినదని ఆ ముక్కలను పారవేసియుండినచో ఏమగునో, ప్రయోగశాలలో పిల్లలు "సార్, తప్పొచ్చింది" అని వచ్చినపుడెల్ల నాకు జ్ఞప్తికి వచ్చును.

1986లో కెనడాకు చెందిన లాంగిల్, ఓడనెల్ అనువారు మరియొక మెట్టెక్కిరి. కుందేలు మెడలోని ధమనిలో ధారను తగ్గించి రెండు వారములు చూడగా ధమని తగ్గిన ధారకు తగినట్లు సన్నబడెను. లోపలి పొరను ముందుగా తొలగించిన కుందేళ్ళలో ధార తగ్గినను ధమని సన్నబడలేదు. కండరమున్నది, గోడయున్నది, రక్తమున్నది. వినువారు లేరు గనుక ఆజ్ఞ లేదు.

ఇక కొలతల మాట. ఇందు మా అయ్యవారికి మిక్కిలి ప్రీతి. గుండ్రని తిన్నని గొట్టములో నిలకడగా పారు ద్రవము గోడపై కలిగించు ఒరపిడి, ధార పరిమాణమునకు అనులోమానుపాతములోను, వ్యాసార్ధపు ఘనమునకు విలోమానుపాతములోను ఉండును. ధార ఎనిమిది రెట్లయినదనుకొందము. వ్యాసార్ధము మారనిచో ఒరపిడియు ఎనిమిది రెట్లగును. పొరలోని కణములు ఈ హెచ్చును సహింపవు. పాత ఒరపిడి తిరిగి వచ్చువరకు నాళమును విప్పుచు పోవును. ఎంతవరకు? రెండు రెట్ల వరకు. ఏలయన రెంటి ఘనము ఎనిమిది. ధార ఇరువదియేడు రెట్లయినచో వ్యాసార్ధము మూడు రెట్లు చాలును. నాళమునకు ఘనమూలము తెలియదు. తనకు అలవాటైన ఒరపిడి ఎంతయో మాత్రమే తెలియును. ఎక్కువైన విప్పుకొనును, తక్కువైన ముడుచుకొనును. లెక్క దానంతట అదే కుదురును.

శాఖలకు సైతము ఈ సూత్రమే వర్తించును. 1926లో సెసిల్ మర్రే అను అమెరికా శాస్త్రజ్ఞుడు, రక్తమును పారించుటకును పోషించుటకును అగు శ్రమ కనిష్ఠము కావలెనన్నచో తల్లినాళపు వ్యాసార్ధ ఘనము పిల్లనాళముల వ్యాసార్ధ ఘనముల మొత్తమునకు సమానము కావలెనని గణించెను. అట్లున్నచో తల్లినాళములోను పిల్లనాళములోను ఒరపిడి ఒక్కటే. పెద్ద ధమనులలో ఈ లెక్క అచ్చముగా సరిపోదు. చిన్నవానిలో చాలవరకు సరిపోవును. అయిదు కొలతల నాళము సమానమైన రెండు పాయలగునప్పుడు ఒక్కొక్క పాయ ఇంచుమించు నాలుగు కొలతలుండవలెను: 125కు 64, 64 కలిపిన 128 ఎంత దగ్గరయో చూడుడు. ఆరు కొలతల నాళము మూడుగా చీలి పాయలు మూడు, నాలుగు, అయిదు కొలతలైనచో లెక్క వీసమైనను తేడా రాదు. 27, 64, 125 కలుపగా 216. "ఎనిమిదో తరగతి పిల్లోళ్ళకు ఘనాలు చెప్పేటప్పుడు ఇది ముందే తెలిసుంటే ఎంత బాగుండునప్పా!" అని అయ్యవారు నిజముగానే చింతిల్లిరి.

కణము ఒరపిడిని ఎట్లు తెలిసికొనును? ఇందు ఒకే ద్వారము లేదు. పెక్కు ద్వారములు కలవు. పాత కాలువ గట్టున పాచి నీటి వాలునకు ఊగినట్లు, ప్రతి కణము పైనను చక్కెర అణువులతో కూడిన సన్నని నూగు కలదు. ధార దానిని వంచును. కణముల నొకదానితో నొకటి బంధించు అతుకుల యొద్ద ఈడ్పును గ్రహించు అణువులు కలవు. కణపు పొరలోనే కొన్ని ప్రోటీనులు బలము తగిలినంతనే తెరుచుకొను తూములై, కాల్షియమును లోనికి విడుచును. వీనిలో పియెజో అనువానిని 2010లో ఆర్డెమ్ పటపూటియన్ బృందము కనుగొనినది. ఆ తూములలో ఒకటి లేని ఎలుక పిండములలో రక్తనాళములు సరిగా ఏర్పడవని 2014లో తేలినది. పటపూటియన్‌కు 2021లో నోబెల్ బహుమానములో భాగము లభించినది.

ఇంకొక ద్వారముతో తెలుగువారికి చుట్టరికము కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలసి పనిచేయుచు కండరములనుండి ఎ.టి.పి. అను పదార్థమును వేరుచేసెను. 1929లో వారు దానిని ప్రకటించిరి. అదే యేడు జర్మనీలో లోమాన్ సైతము వేరుగా దానిని కనుగొనెను. కణములకు శక్తినిచ్చు నాణెమని పాఠ్యపుస్తకములలో మన పిల్లలు చదువుచున్నది ఈ ఎ.టి.పి.నే. నాణెమే కబురుగా పనిచేయుననుట పెక్కేండ్లకు గాని శాస్త్రజ్ఞులు ఒప్పుకొనలేదు. రక్తధార ఒరసినపుడు పొరలోని కణములు కొద్దిపాటి ఎ.టి.పి.ని వెలికి విడుచును. అది ఆ కణముల పైననే యున్న ఒక తూమును తాకి తెరువగా కాల్షియము లోన ప్రవేశించును. అంతట నైట్రిక్ ఆక్సైడ్ పుట్టును. క్రింది కండరము సడలును. ఆ తూము లేని ఎలుకలలో ధార పెరిగినను నాళములు తగినట్లు విప్పారవనియు, ధార తగ్గించినను సన్నబడవనియు 2006లో జపాను పరిశోధకులు యమమోతో, ఆండో బృందము చూపిరి. 1948లో న్యూయార్కున కన్నుమూసిన సుబ్బారావునకు ఈ సంగతి తెలియు అవకాశమే లేదు. ఆయన సీసాలో పట్టిన పదార్థము ప్రతి మనిషి ధమనిలోను కబుర్లు మోయుచున్నది.

ఇప్పుడు నేను నల్లబల్లపై గీచిన వంకర కాలువ యొద్దకు మరల రావలెను.

1960లనాటికి శాస్త్రజ్ఞులలో ఒక తగవు పుట్టినది. ధార బలముగా ఒరసి గోడను గీరుటచే క్రొవ్వు వ్యాధి మొదలగునని కొందరనిరి. లండనులో కాలిన్ కారో బృందము చనిపోయినవారి ధమనులను పరీక్షించి, 1969లో ఇందుకు విరుద్ధమైన మాట చెప్పిరి: వ్యాధి పట్టుచున్నది ఒరపిడి హెచ్చుగానున్న చోట్ల కాదు, తక్కువగానున్న చోట్ల. మెడ చీలికలో వెలుపలి గోడ అట్టిది. అచట రక్తము ప్రతి గుండె కొట్టుడుకును ముందునకు పోయి, తటాలున వెనుకకు మళ్ళి, సుడి తిరుగును.

ఇంతవరకు ఒండ్రు పోలిక సరియే అనిపించును. అది తప్పుట ఇక్కడనే. గట్టునకు ఒండ్రుతో పనిలేదు. నీరు నిలిచిన మట్టి దిగును, అంతే. ధమని గోడ అట్లు కాదు. 1981లో అమెరికాలో డ్యూయీ, డేవీస్, గింబ్రోన్ మొదలగువారు ఈ కణములను గాజుపలకపై పెంచి, వానిపై ద్రవమును నిలకడగా పారించి చూచిరి. ఒకటి రెండు దినములలో గులకరాళ్ళవలె పడియున్న కణములు నిడుపుగా సాగి, ధార దిక్కునకు వరుసలు దీరినవి. ఏటివాలునకు ఒరిగిన రెల్లు దుబ్బులవలె. సుడులు తిరుగు ధార క్రింద అవి అట్లు వరుస దీరవు. అట్టి చోట కణముల అతుకులు వదులగును, నైట్రిక్ ఆక్సైడ్ తగ్గును, తెల్లరక్తకణములను పట్టుకొను జిగురు అణువులు పైకి మొలచును. పోవుచున్న క్రొవ్వును, తెల్లకణమును గోడయే లోనికి పిలుచుకొనుచున్నది. పేరుకొనుటయు పొర మీద కాదు, పొర క్రింద. కావున దానిని కాలువ పూడిక తీసినట్లు గీకివేయుదమన్న కుదరదు. నా నల్లబల్ల చిత్రములో గట్టునకు ప్రాణము లేదు, తప్పంతయు అదియే.

దిక్కు తోచిన ధార ఎంత వడిగానున్నను కణములు దానికి సర్దుకొనును. దిక్కు తోచని ధార స్వల్పమైనను వానిని కలతపెట్టును. మా అయ్యవారి చేతిలోని రెండు మచ్చల కథ ఈ రెండు వాక్యములలో నిమిడియున్నది. మొదట మణికట్టు యొద్ద కుట్టిన ఫిస్టులా నిలువలేదు. కొంతవరకు సిర లేచినది, జలజల వినబడినది. తరువాత అది క్షీణించినది. కుట్టు దాటిన అంగుళము రెండంగుళముల లోపలనే సిర ఇరుకైనదని పరీక్షలో తేలెను. ఇది అరుదైన ఆపద కాదు. మణికట్టు ఫిస్టులాలు విఫలమగుటకు మిక్కిలి సాధారణమైన కారణములలో ఇది యొకటి. ధమని నుండి ధార వంపు తిరిగి సిరలో పడుచోట సుడులు పుట్టును. అచట సిర గోడలోని కణములు విప్పుకొనుటకు బదులు లోపలికి దళసరి యగును. ఆ చోటు దాటి ధార కుదురుకొన్న చోట అదే సిర చక్కగా విప్పారుచుండును. మనిషి ఒక్కడే, సిర ఒక్కటే, కొలది అంగుళముల తేడా. శస్త్రవైద్యుడెంత నేర్పరియైనను వంపు లేకుండ రెండు నాళములను కలుపజాలడు. ఏ కోణములో కలిపిన సుడి తగ్గునని నేటికిని పరిశోధనలు జరుగుచున్నవి. ఆయన వయస్సు, చక్కెర వ్యాధిచే బిరుసెక్కిన ధమనులు కూడ తోడైనవి.

ఆ నెలలలో ఆయనకు మెడసిరలో గొట్టము వేసి వడపోతలు జరిపిరి. గొట్టము వెంట క్రిములు రక్తములో చొరబడు భయము ఎల్లప్పుడు నుండును. చలి కుదిపిన ఒక రాత్రి ఇంటివారు ఆశ వదలుకొనిరి. తరువాత మోచేతి యొద్ద, పెద్ద ధమనికిని పెద్ద సిరకును, రెండవ ఫిస్టులా కుట్టిరి. నేను అరచేత తాకినది దానిని. ఆ జలజల తప్పక వినబడుచున్నదా యని ఆయన ప్రతి ఉదయము చేతిని చెవి కానించుకొని వినును. వినబడనినాడు ఆలసింపక ఆస్పత్రికి పోవలెనని చెప్పిరట. శ్రీకాకుళము జిల్లా ఉద్దానములో, కారణమింకను పూర్తిగా తేలని మూత్రపిండ వ్యాధి సోకిన ఊళ్ళలో, ఇట్లే చేతిని చెవి కానించుకొను కుటుంబము లెన్నియో!

ప్రవాహమొక్కటే సర్వమును నిర్ణయించునని పాఠకులు తలపరాదు. మెడ చీలిక ప్రతివారికిని కలదు. వ్యాధి ప్రతివారికిని రాదు. పొగాకు, చక్కెర వ్యాధి, రక్తపోటు, రక్తములో క్రొవ్వు హెచ్చుట, ఇవి లేనిచోట సుడి యొక్కటియే పెద్ద కీడు చేయజాలదు. ఇవి ఉన్నచోట మొదట దెబ్బ తినునది సుడి యున్న చోటు. పొర ఆరోగ్యమును కొలుచుటకు మార్గము సైతము ప్రవాహమే చూపినది. 1992లో లండనులో సెలర్మాయర్, డీన్‌ఫీల్డ్ మొదలగువారు ఒక పరీక్షను వెల్లడించిరి. చేతికి పట్టీ బిగించి కొన్ని నిమిషములు రక్తమును ఆపుదురు. విడిచినంతనే మడవ తీసినట్లు ధార ఉరుకును. ఒరపిడి హెచ్చును; పొర చక్కగానున్నచో నిమిషము లోపల మోచేతి మీది ధమని నూటికి కొన్ని పాళ్ళు విప్పారును. పొగత్రాగువారిలోను, పుట్టుకతో క్రొవ్వు హెచ్చుగానుండు పిల్లలలోను ఆ విప్పారుట తగ్గియుండుటను వారు గమనించిరి. ఏ గుండెనొప్పియు లేని పిల్లలలో! వేగముగా నడచునపుడు కాళ్ళ ధమనులలో ధార హెచ్చును. ఆ హెచ్చిన ఒరపిడికే పొర నైట్రిక్ ఆక్సైడ్‌ను అధికముగా పుట్టించును. వ్యాయామము మంచిదని మనము చెప్పుమాటకు గోడ వైపునుండి గల అర్థము ఇది.

పోయిన వేసవిలో మా తరగతి పిల్లలు నలుగురిని ఆయన యొద్దకు తీసికొనిపోయితిని. మొదట జంకిరి, పిదప ఒకరి తరువాత ఒకరు చేయి ఆనించిరి. ఒక చిన్నది గుండె అచటికి దిగినదా యని అడిగెను. ఆయన నవ్వి, పలక తెమ్మని ధార ఇరువదియేడు రెట్ల లెక్క వేయించిరి. తిరిగి వచ్చునపుడు గమనించితిని: ఆయన గడియారము కుడిచేతికి మారినది. ఎడమచేతికి బిగువైనదేదియు కట్టరాదు, బరువు మోయరాదు, రక్తపోటు పట్టీ చుట్టరాదు, దానిపై తల పెట్టుకొని నిద్రింపరాదు. మరునాడు తెల్లవారుజామున తిరుపతి బస్సులో ఆయనను ఎక్కించితిని. కుడిచేత పైకమ్మిని పట్టుకొని, ఎడమచేతిని పసిబిడ్డను పొదివినట్లు రొమ్మున కానించుకొని నిలుచుండిరి. బస్సు చీలిక దాటి తూర్పునకు మళ్ళినది.